ఒళ్ళో ఎన్ని, చెట్టుకు ఎన్ని

ఒకటో తరగతి ఎవరికీ అక్కర్లేదు. ముప్పై మూడేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. ప్రతి జూన్‌లోనూ తరగతులు పంచుకునేటప్పుడు "నాకు ఒకటో తరగతి ఇవ్వండి" అని నోరు తెరిచి అడిగిన టీచరును ఒక్కరిని కూడా చూడలేదు. ఐదో తరగతి పిల్లలైతే చెప్పిన మాట వింటారు, బోర్డు తుడుస్తారు, అవసరమైతే పక్క తరగతిని కూడా కాస్తారు. ఒకటో తరగతి పిల్లలు ముక్కు తుడవమంటారు, చెప్పు తెగితే మనకు చూపిస్తారు, పాఠం మధ్యలో లేచి "మా గేదె ఈనింది టీచర్" అంటారు. అందుకని ఆ తరగతిని కొత్తగా చేరినవాళ్ళ నెత్తిన వేస్తారు. నా నెత్తినా అలాగే వేశారు. మొదట్లో ఏడ్చాను, తర్వాత అలవాటు పడ్డాను, ఆ తర్వాత ఎవరు అడిగినా ఇవ్వలేదు. అడిగినవాళ్ళు ఎలాగూ లేరనుకోండి.

బ్రాడీపేటలో మా ఇంటి కింద వాటాలో భవాని అనే అమ్మాయి అద్దెకుంటోంది. ఈ మధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది, తుళ్ళూరు వైపు బడి. ఊహించినట్టే ఒకటో తరగతి ఇచ్చారు. మొన్న పైకి వచ్చి, "ఆంటీ, కూడికలు అయిపోయాయి. తీసివేతలకు రెండు రోజులు సరిపోతాయా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టిందమ్మా అన్నాను. వేళాకోళం అనుకుంది. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా ఇంక్రిమెంట్లు, బదిలీలు, నేను నింపిన ఫారాల సంగతి ఎవరికీ పనికిరావు. వాటిని వదిలేస్తున్నాను.

రంగయ్య మాస్టారు తిన్న రేగుపళ్ళు

నా మొదటి బడి పొన్నూరు దగ్గర, చుట్టూ వరిచేలు. టీచర్లం ఇద్దరమే, నేనూ హెడ్మాస్టరు రంగయ్య గారూ. ఆయన రోజూ పావుగంట ఆలస్యంగా వచ్చేవారు, మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలోనే ఒక కునుకు తీసేవారు. ఇలాంటివారి దగ్గర ఏం నేర్చుకుంటాంలే అని నా లోపలి ఉద్దేశం. ట్రైనింగ్ నుంచి అప్పుడే వచ్చాను కదా, నాకు అన్నీ తెలుసు.

తీసివేతల కోసం రెండు రాత్రులు కూర్చుని చార్టు గీశాను. ఒక కొమ్మ, ఐదు చిలకలు. మూడు కొమ్మ మీద కూర్చుని ఉంటాయి, రెండు రెక్కలు చాచి ఎగిరిపోతుంటాయి. ఆకుపచ్చ రంగు బాగా కుదిరింది కూడా. చార్టు గోడకు తగిలించి, "ఐదు చిలకలు. రెండు ఎగిరిపోయాయి. ఎన్ని మిగిలాయి?" అని అడిగాను. తరగతి తరగతంతా ఐదు అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఐదే. మూడోసారి నా గొంతు లేచింది. అప్పుడొక పిల్ల లేచి చార్టు దగ్గరికి వచ్చి, ఎగిరిపోతున్న చిలకల మీద వేలు పెట్టి, "ఇయ్యిగో టీచర్, ఇక్కడే ఉన్నయ్యి" అంది. నేను బెత్తంతో బల్ల మీద కొట్టాను. ఆ రోజుల్లో చేతిలో బెత్తం ఉండేది, లేదని అబద్ధమాడను.

ఆ చప్పుడుకు రంగయ్య గారు పక్కగదిలోంచి వచ్చారు. చేతిలో కాగితం పొట్లం. అందులోంచి రేగుపళ్ళు తీసి బల్ల మీద వరసగా పది పెట్టారు. పిల్లలతో లెక్కపెట్టించారు. తర్వాత ఒకటి నోట్లో వేసుకున్నారు. నింపాదిగా చప్పరించి గింజను కిటికీలోంచి ఊశారు. ఇంకొకటి. ఇంకొకటి. ముప్పైమంది పిల్లల కళ్ళూ ఆయన నోటి మీదే ఉన్నాయి. "ఎన్ని ఉన్నయ్యిరా?" అని అడిగితే ఏడు, ఏడు అని గోల పెట్టారు. వెనకనుంచి ఒకడు, "ఇంక తినమాకండి సార్" అన్నాడు, ఏడుపు గొంతుతో.

ఆ సాయంత్రం ఆయన నాతో అన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "అమ్మాయ్, నీ చిలకలు ఎగిరిపోలేదు. కాయితం మీద గీసింది ఎక్కడికి పోతుంది? తీసేసింది కళ్ళ ముందు నుంచి పోవాల. పోయినందుకు పిల్లకాయలకు కాస్త కష్టం తోచాల. అప్పుడు మిగిలిందాని మీద చూపు నిలబడిద్ది."

మర్నాడే చార్టు మీద చిలకల్ని కత్తిరించాను. కొమ్మ మీద బ్లేడుతో చీలికలు పెట్టి వాటిల్లో చిలకల్ని గుచ్చాను. ఒక్కో పిల్లా వచ్చి రెండు చిలకల్ని పీకి నా సంచిలో వెయ్యాలి, సంచి మూతి కట్టెయ్యాలి. ఇక ఐదని ఒక్కరూ అనలేదు. భవానీ, నువ్వు బొమ్మలు గీస్తే గీయి గానీ అతికించకు. పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మలైతే తీసేసినవాటిని పిల్లల అరచేత్తో మూయించు. ఆలస్యంగా వచ్చే హెడ్మాస్టర్లకు కూడా ఏదో ఒకటి తెలిసి ఉంటుంది, కునుకు తీస్తున్నారని తీసిపారేయకు.

మిరపకాయలతో నా ప్రయోగం

తర్వాత మిరప పండే ఊరికి బదిలీ అయింది. వేసవి మొదలయ్యేసరికి ఆ ఊరి కల్లాలన్నీ ఎర్రటి దుప్పట్లు పరిచినట్టుండేవి. పరిసరాల్లో దొరికే వస్తువులతోనే లెక్కలు చెప్పాలని మాకు శిక్షణల్లో నూరిపోసేవారు. ఆ ఊళ్ళో మిరపకాయ కంటే సులువుగా దొరికేది ఏముంటుంది? తలా పది ఎండు మిరపకాయలు తెమ్మన్నాను. తెచ్చారు.

"అందరూ మూడు తీయండి" అన్నాను. పిల్లలు తలలు వంచి శ్రద్ధగా పనిలో పడ్డారు. ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయాను. "ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" అంటే పది అన్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి పిల్లా మూడు కాయలకు తొడిమలు తీసి, కాయల్ని మళ్ళీ కుప్పలోనే పెట్టింది. వాళ్ళ అమ్మలు పొద్దస్తమానం చేసే పని అదే కదా. మిరపకాయ కనబడ్డాక "తియ్యి" అంటే తొడిమ తీయడమే. కాయలు ఎక్కడికి పోతాయి, పదీ ఉన్నాయి.

నేను నవ్వి, తప్పు సరిదిద్దేలోపే ఒకడు అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు. వాణ్ణి ఓదార్చబోయి పక్కది నులుముకుంది. ఐదు నిమిషాల్లో ఒకటో తరగతి మొత్తం ఏడుపే. బోరింగు దగ్గర ఒక్కొక్కరి మొహం కడుగుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. ఒక ముసలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి పిల్లల చేతులకు రాస్తూ, "లెక్కలంటే ఏడుస్తారని తెలుసుగానీ ఇట్టా అని తెలవదమ్మా" అని నవ్వింది.

ఈ కథను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని మీటింగుల్లో చెప్పి నవ్వించానో లెక్కలేదు. చేసిన పని మాత్రం ఒక్కటే, మిరపకాయలు మానేసి చింతగింజలు పెట్టాను. వస్తువును మార్చాను గానీ ఆ "తీయండి" అనే మాట సంగతి చూడాలని నాకు తట్టలేదు. తట్టి ఉంటే తర్వాత చెప్పబోయేది జరిగేది కాదు.

దీవెన

నా చివరి బడి ప్రకాశం వైపు, నల్లరేగడి ఊరు. అక్కడ పత్తి. హెడ్మాస్టరు మస్తాన్‌వలి గారు. నిదానస్థుడు, రిజిస్టర్లో ఒక్క కొట్టివేత ఉన్నా ఆ రోజు ఆయనకు అన్నం సయించదు. నేను వెళ్ళిన ఏడాది ఒకటో తరగతిలో పంతొమ్మిదిమంది. వాళ్ళలో దీవెన ఒకతి. తల్లి సలోమి పొలం పనులకు వెళ్ళేది. పిల్ల సన్నగా ఉండేది, పెద్ద కళ్ళు, ఎప్పుడూ చేతులతో ఏదో ఒకటి చేస్తూ ఉండేది. ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పేది. కూడికలు నోటితోనే చేసేది. తీసివేతలకు వచ్చేసరికి గోడకు కొట్టిన బంతిలా నా మాటే నాకు తిరిగి వచ్చేది.

పదిలో నాలుగు తీస్తే ఎంత? నాలుగు. ఏడులో రెండు తీస్తే? రెండు. ఐదులో మూడు తీస్తే? మూడు. ఒకవేళ చివర విన్న అంకె చెబుతోందేమో అని, తిప్పి అడిగాను. "రెండు తీయాలి, తొమ్మిదిలోంచి. ఎంత?" రెండే అంది. గింజలు పెట్టాను, పుల్లలు పెట్టాను, నా పాత చిలకల చార్టు కూడా తెచ్చాను. సంచిలోకి పోయిన చిలకల్నే లెక్కపెట్టి చెప్పేది. అదీ ఏమాత్రం తడబడకుండా, నేనే ఏదో మర్చిపోయినట్టు నా మొహంలోకి చూస్తూ.

నాకు విసుగొచ్చింది. అప్పటికి నాకు మంచి టీచరని పేరు. పేరున్న టీచరుకు విసుగొస్తే పిల్లకే ప్రమాదం. ఒకరోజు సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర నలుగురైదుగురు తల్లులు నిలబడి ఉండగా, "సలోమీ, మీ పిల్లకు బుర్రకెక్కడం లేదు. ఇంకో ఏడాది ఇదే తరగతిలో ఉంచుదాం" అనేశాను. ఆడలేక మద్దెల ఓడన్నారట, చెప్పలేక నేను పిల్లకు బుర్ర లేదన్నాను. సలోమి పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి దీవెన రాలేదు. పత్తి తీతలు మొదలయ్యాయి, ఆ రోజుల్లో బడి కొంచెం పలచబడటం మామూలే కాబట్టి పట్టించుకోలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. మిగతా పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. దీవెన ఏదని తరగతిలో అడిగితే ముందు వరసలో పిల్ల, "అది మొద్దుగా టీచర్. మీరే అన్నారుగా. వాళ్ళమ్మతో పత్తికి పోతాంది" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నా మాట గేటు దగ్గర ఆగలేదు, ఊరంతా తిరిగి నా తరగతికే వచ్చింది.

అదే రోజు మస్తాన్‌వలి గారు ఎర్ర కలం మూత తీసి రిజిస్టరు ముందు పెట్టుకుని, "దీవెన పేరు తీసేయమంటారా టీచర్ గారూ?" అని అడిగారు. పొలం పనుల్లో పడిన పిల్ల మళ్ళీ బడి మొహం చూడటం ఎంత అరుదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆరేళ్ళ పిల్ల చదువు ఆ ఎర్ర గీత దగ్గర ఆగిపోతుంది. ఆపింది నేను. ఒక్క రోజు ఆగండి సార్ అన్నాను.

చేలో పరీక్ష

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం ఆటో ఎక్కి ఊరి చివర దిగి, గట్ల మీద నడుచుకుంటూ వెళ్ళాను. అంతకుముందు రోజే చినుకులు పడ్డాయి, నల్లమట్టి చెప్పులకు అంటుకుని ఒక్కో కాలూ ఒక్కో రోకలిలా అయింది. ఆడవాళ్ళు వరసగా పత్తి తీస్తున్నారు. పాత చీరల్ని నడుముకు ముడేసి ఒడిలా కట్టుకున్నారు, తీసిన పత్తి అందులో పడుతోంది. చివర్న దీవెన. దానికీ ఒక తువ్వాలు ఒడి కట్టి ఉంది.

నన్ను చూసి ఆ పిల్ల పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు, నవ్వింది. సలోమి మాత్రం పని ఆపలేదు. ఏం మాట్లాడాలో తోచక, అలవాటు కొద్దీ, ఒక చెట్టు చూపించి ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టమన్నాను. పది అంది. పగిలినవి తీయమన్నాను. నాలుగు పగిలి ఉన్నాయి. ఆకు తునక అంటకుండా చిటికెలో నాలుగూ తీసి ఒళ్ళో వేసుకుంది.

"పదిలో నాలుగు తీశావు. ఎంత?"

"నాలుగు టీచర్."

నిట్టూర్చాను. అది గమనించిందో ఏమో, తువ్వాలు విప్పి చూపించింది. "ఇయ్యిగో." నిజమే, నాలుగు. అప్పుడు ఎందుకు అడిగానో నాకే తెలియదు, "మరి చెట్టుకు?" అన్నాను.

అప్పటికే అది పక్క చెట్టు మీదికి వంగింది. వెనక్కి తిరిగి చూడకుండానే, "ఆరు. అయ్యి పచ్చియి టీచర్. మళ్ళీ తీతకి" అంది.

అప్పటికి నాకు వెలిగింది. ఆ ఊళ్ళో సాయంత్రం ఏ ఆడమనిషి ఇంటికి వచ్చినా అందరూ అడిగే మాట ఒక్కటే, ఎంత తీశావని. చెట్టుకు ఎన్ని ఉండిపోయాయని ఎవరూ అడగరు. తీయడమంటే పోగొట్టుకోవడం కాదు, సంపాదించుకోవడం. ఇక నా ప్రశ్న చూడండి. "పదిలో నాలుగు తీస్తే ఎంత?" అందులో మిగిలినవనే మాట ఎక్కడుంది? తొందరలో దాన్ని నేనే మింగేశాను. ఎన్ని నెలలుగానో ఆ పిల్ల నేను అడిగినదానికే జవాబు చెబుతోంది. సరైన జవాబు.

ఇంకా నమ్మకం కుదరక మరో నాలుగైదు చెట్ల దగ్గర అడిగాను. తీసినవి ఎన్ని, ఉన్నవి ఎన్ని అని విడివిడిగా. ఒక్కటి తప్పలేదు. చివరికి దానికే విసుగొచ్చి, "టీచర్, మీకు లెక్కపెట్టడం రాదా?" అంది. పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

సలోమి నవ్వలేదు. ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పాను, తప్పు పిల్లది కాదు, నేను అడిగిన తీరుదే, రేపటి నుంచి బడికి పంపమని. ఆమె పత్తి తీస్తూనే జవాబిచ్చింది.

"నాకు చెబితే ఏం లాభమండీ? ఆ రోజు గేటు కాడ నలుగురిలో అంటిరి. నా పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలా. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే ఎనక్కి తీసుకోండి. అప్పుడు పంపిస్తా."

తిరుగు ప్రయాణంలో ఆటోలో నాతో నేనే తగువు పడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఏ తల్లి దగ్గరా తప్పు ఒప్పుకోలేదు. ఒకసారి ఒప్పుకుంటే ఊరు నెత్తికెక్కి కూర్చుంటుందని మా టీచర్లందరికీ ఒక భయం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, బళ్ళో అయితే మరీ లోకువ. కానీ ఎటు తిప్పి చూసినా ఆమె అడిగినదాంట్లో తప్పు కనిపించలేదు. ఇంటికి చేరేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను.

సోమవారం పొద్దున గంట కొట్టకముందే గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లల్ని దింపి వెళ్ళిపోబోతున్న తల్లుల్ని ఆపాను. దీవెనకు బుర్రకెక్కడం లేదని ఆ రోజు మీ అందరి ముందూ అన్నాను, అది నా తప్పు, ఆ పిల్ల చెప్పిన జవాబులన్నీ సరైనవే, నా ప్రశ్నే సరైంది కాదు అని చెప్పాను.   తర్వాత ఒక తల్లి ముందుకొచ్చి, "మావోడి సంగతి గూడా అట్టాగే ఏమన్నా ఉందేమో ఒకసారి చూడండి టీచర్" అంది. ఊరు నెత్తికెక్కలేదు, పని మాత్రం పెట్టింది.

సలోమి రోడ్డుకు అవతల నిలబడి ఉంది, ఒడి గుడ్డ భుజం మీద వేసుకుని. మొత్తం విన్నది. ఆ తర్వాతే పిల్ల చెయ్యి వదిలింది.

ఒళ్ళోనా, చెట్టుకా

ఆ రోజు ఒక పత్తి కొమ్మ తెప్పించి తరగతి మధ్యలో బకెట్టులో నిలబెట్టాను. పాఠం నేను చెప్పలేదు, దీవెన చెప్పింది. ఒక్కొక్కరికీ నడుముకు తువ్వాలు ఒడి కట్టి, కాయలు తీయించి, రెండు ప్రశ్నలు అడిగేది. "ఒళ్ళో ఎన్ని? చెట్టుకు ఎన్ని?" రెండూ చెబితేనే తువ్వాలు విప్పేది. వారం తిరిగేసరికి తరగతిలో తీసివేత రానివాళ్ళు లేరు. ఇంకో లాభం కూడా జరిగింది. ఒళ్ళోవి, చెట్టువి కలిపితే మళ్ళీ పది రావాలని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. సరిచూసుకోవడం నేను నేర్పాల్సిన పని లేకపోయింది.

నెల తర్వాత తనిఖీకి అధికారి వచ్చారు. ఒకటో తరగతిలోకి వచ్చి, గంభీరంగా, "పదిలో నాలుగు తీస్తే ఎంత?" అని అడిగారు. పంతొమ్మిది గొంతులు ఒక్కసారిగా, "ఒళ్ళోనా సార్, చెట్టుకా?" అన్నాయి.

ఆయన మస్తాన్‌వలి గారి వైపు చూశారు. మస్తాన్‌వలి గారు పైకప్పు వైపు చూశారు. అధికారి ఏమనుకున్నారో, "చెట్టుకు" అన్నారు. ఆరు అన్నారు పిల్లలు. "ఒళ్ళో?" నాలుగు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, ఇది పుస్తకంలో లేదు కదండీ అన్నారు. పుస్తకం చేలో పెరగలేదు సార్ అన్నాను. సర్వీసు ముదిరాక నోటికి కాస్త స్వేచ్ఛ వస్తుంది. నీకు అప్పుడే వద్దులే భవానీ.

ఇది చదివి నువ్వు తుళ్ళూరుకు పత్తి కొమ్మ మోసుకెళ్ళకు. అక్కడ చేలు పోయి రాజధాని పనులు వచ్చాయి. నీ పిల్లలకు లారీలు, ఇటుకలు, కంకర తెలుసు. ముందు వాళ్ళ ఇళ్ళలో "తీయడం" అంటే ఏమంటారో విను. "దించడం" అంటారా, "ఖాళీ చేయడం" అంటారా, కనుక్కో. పిల్ల తప్పు చెప్పినప్పుడు వెంటనే దిద్దకు, ఈ జవాబు ఏ ప్రశ్నకైతే సరిపోతుంది అని ఒకసారి ఆలోచించు. పదిసార్లలో మూడుసార్లయినా అలాంటి ప్రశ్న దొరుకుతుంది. మిగతా ఏడుసార్లూ తప్పే, అప్పుడు దిద్దు. పిల్లలు దేవుళ్ళు, వాళ్ళకన్నీ తెలుసు అనే ఉపన్యాసాలను మాత్రం నమ్మకు. వాళ్ళకు తెలియనివి బోలెడు, అందుకే కదా మనకు ఉద్యోగం.

ఎర్ర గీత

ఆ తర్వాత ప్రతి ఏటా పత్తి తీతలొస్తే నాకు గుండెల్లో గుబులే. దీవెన ఒకటి రెండు రోజులు మానేసేది. మూడో రోజు ఉదయం గేటు వైపు చూస్తూ ఉండేదాన్ని. వచ్చేది, జుట్టులో పత్తి పోగులతో. నాలుగేళ్ళూ అలాగే గడిచాయి. దీవెన ఐదో తరగతి పూర్తి చేసిన ఏప్రిల్లోనే నా సర్వీసూ పూర్తయింది. బోర్డు మీద నా పేరు ఇంకో రెండు రోజులు ఉంటుంది, అంతే.

ఐదో తరగతి పిల్లలు హైస్కూలుకు వెళ్ళాలి, టీసీలు రాస్తున్నాం. సలోమి, దీవెన ఆఫీసు గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. మస్తాన్‌వలి గారు రిజిస్టరు తెరిచి, ఎర్ర కలం మూత తీసి, "దీవెన పేరు తీసేయమంటారా టీచర్ గారూ?" అని అడిగారు.

అవే మాటలు, అదే కలం. ఆయనకు ఆ రోజు గుర్తు లేదు, నిజంగానే రాసే పని కోసం అడిగారు. నాకు గుర్తుంది. తీసేయండి అనడానికి నోరు రాలేదు. ఐదేళ్ళు ఆ పేరు ఆ పుస్తకంలో ఉండాలని కాపు కాశాను కదా. గుమ్మం దగ్గర నుంచి సలోమే అంది.

"తీసెయ్యండి సార్. ఇక్కడ తీస్తేనేగా హైస్కూలు ఒళ్ళో పడేది."

మస్తాన్‌వలి గారు కలం ఎత్తారు. నేను ఆయన చేతిలోంచి కలం తీసుకున్నాను. స్కేలు పెట్టి, వంకర పోకుండా, దీవెన పేరు మీద నా చేత్తో గీత గీశాను.

రిజిస్టర్లో ఎంతమంది మిగిలారో ఆ రోజు లెక్కపెట్టలేదు.